గవర్నరు పక్కన నిలబడ్డవాడు

ఇల్లందులో ఆదివారం ఆదివారం నేను అమెరికా చరిత్ర చెబుతాను. దూరవిద్యలో ఎం.ఏ. చదివేవాళ్ళకు అదొక పేపరు. వారమంతా ఇంటర్ పిల్లలకు సివిక్స్ చెప్పే నాకు ఆ పెద్దవాళ్ళ క్లాసంటే ఇష్టం. గనిలో షిఫ్టు దిగి నేరుగా వచ్చేవాళ్ళు, పంచాయతీ సెక్రటరీలు, అంగన్‌వాడీ టీచర్లు. డిగ్రీ మీద ఇంకో డిగ్రీ ఉంటే ప్రమోషన్‌కు పనికొస్తుందని వచ్చినవాళ్ళే తప్ప, అమెరికా మీద వాళ్ళకు ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు.

ఆ పేపర్లో చాలామంది లెక్చరర్లు దాటేసే పాఠం ఒకటుంది. పడమటి సరిహద్దున ఉన్న ఒక అడవి ప్రాంతం మొదట రాజధాని నుంచే ఏలే టెరిటరీగా, ఆ తర్వాత రాష్ట్రంగా ఎలా మారింది, దాన్ని ఏలిన తొలి గవర్నర్లు ఏం చేశారు అన్నది. నేను దాటేసేవాణ్ణి కాదు. అది నా పాఠం అనుకునేవాణ్ణి. తెరిపిలేని వానలు, ఆకాశమంత దేవదారు చెట్లు, పెద్ద నది, ఆ నదిలో చేపలు పట్టి బతికే జనం. వాళ్ళ మీదికి రాజధాని నుంచి అధ్యక్షుడు ఒక గవర్నరును నియమించి పంపిస్తాడు. ఆయన నెలల తరబడి ప్రయాణం చేసి చేరతాడు. వస్తూ వస్తూ రైలుదారికి సర్వే కూడా చేసుకొస్తాడు. అక్కడి మూలవాసుల మంచిచెడ్డలు చూడాల్సిన అధికారి ఆయనే. వాళ్ళను ఖాళీ చేయించి వలస రైతులకు భూమి ఇప్పించాల్సినవాడూ ఆయనే. కాపలా ఆయనదే, కోతా ఆయనదే అని చెప్పేవాణ్ణి. ఆయన ఒక్కో తెగ దగ్గరికి వెళ్ళి సభ పెట్టి, ముందే రాసుకొచ్చిన ఒప్పందం చదివించాడు. రెండు మూడు రోజుల్లో పెద్దలు సంతకానికి బదులు దాని మీద గీత గీశారు. ఆ తర్వాత వచ్చిన గవర్నర్లలో కొందరు ఏడాది కూడా నిలవలేదు. కొందరు నియామకం అందుకుని కూడా ఆ గడ్డ ముఖం చూడలేదు. అక్కడ టెరిటరీ గవర్నరుగా చేసిన ఒకాయనే, రాష్ట్రమయ్యాక జనం ఓట్లతో మళ్ళీ తొలి గవర్నరయ్యాడు.

ఆ పూట నేను బోర్డు మీద నది గీసి, చేతులు వెనక్కి కట్టుకుని గవర్నరులా అటూ ఇటూ నడిచి, ఆ గవర్నర్లను చీల్చి చెండాడేవాణ్ణి. కిందటేడు కూడా అలాగే చేశాను. క్లాసు అయ్యాక గనిలో పనిచేసే ఒకాయన, "సార్, ఇయ్యాల గవర్నర్లను మంచిగ ఉతికిన్రు" అన్నాడు. నాకు చాలా సంతోషమైంది.

అప్పుడే మూడో బెంచీలో ఒకామె లేచి నిలబడింది. ముప్పైకి దగ్గరగా ఉంటాయి. చర్ల అవతల ఒక కోయ ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. శనివారమే బయల్దేరి బూర్గంపాడులో అక్క ఇంట్లో ఆగి, ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వచ్చేది. అంతకు ముందెప్పుడూ ఏమీ అడగలేదు.

"సార్, గవర్నరుకు వాళ్ళ భాష రాదు గదా" అంది.

"రాదు."

"వాళ్ళకు ఇంగ్లీషు రాదు."

"రాదు."

"మరి ఆ కాగితంల ఏం రాసుందో వాళ్ళకు ఎవరు చెప్పిన్రు?"

"గవర్నరు పక్కన దుబాసీ ఉండేవాడమ్మా. అది కూడా వాళ్ళ సొంత భాషలో చెప్పలేదు. అన్ని తెగలవాళ్ళూ బేరసారాలకు వాడుకునే సంత భాష ఒకటుండేది, దాంట్లో చెప్పాడు. ఆ భాషలో ఉన్నవి కొద్ది మాటలే."

"వాళ్ళ సొంత భాష ఆ దుబాసీకి రాకనా సార్?"

ఆయనకు వచ్చు. ఆ సంగతి నేను చదివాను. గవర్నరే దాన్ని వాడనివ్వలేదని కూడా చదివాను. కానీ నా నోటికి అది రాలేదు. "ఆ వివరాలన్నీ మనకు సిలబస్‌లో లేవు" అన్నాను.

ఆమె పెన్నుకు మూత పెట్టి, "సరే సార్" అని కూర్చుంది.

అందరూ వెళ్ళాక హాజరు పట్టీతో పాటు ఉండే అడ్మిషన్ ఫారాలు తీసి ఆమె చిరునామా చూశాను. ఆ ఊరి పేరు నాకు తెలుసు. ఇరవై ఏళ్ళ కిందట ఆ ఊరికి నేనొకసారి జీపులో వెళ్ళాను.

మా నాన్నకు చర్ల దారిలో చిన్న దుకాణం ఉండేది. మేం బయటి నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళం. చుట్టుపక్కల కోయవాళ్ళంతా ఉప్పుకు, కిరసనాయిలుకు, ఎండుచేపలకు మా దగ్గరికే వచ్చేవాళ్ళు. కొలిచి ఇచ్చే పని నాది. అక్కడే నాకు కోయ వచ్చింది. వచ్చిందంటే దుకాణం కోయ: ఉప్పు, నూనె, ఇంకొంచెం, రేపు రా, చాలు. దాంతోనే నేను ఆ భాష పండితుణ్ణని మా వాళ్ళందరూ చెప్పుకునేవాళ్ళు. డిగ్రీ అయ్యాక భద్రాచలంలో ఒక ఆఫీసులో టెంపరరీ ఉద్యోగం దొరికింది కూడా కోయ వచ్చన్న మాట మీదే.

మా ఆఫీసరు దూరం నుంచి వచ్చినవాడు. చెడ్డవాడని చెప్పలేను. చేయి చాపేవాడు కాదు, ఎవరినీ కసిరేవాడు కాదు. ఎప్పుడు బదిలీ అవుతుందా అని ఎదురుచూస్తూ, అప్పగించిన పని పూర్తి చేసి పోవాలనుకునే మనిషి. అప్పుడు అప్పగించిన పని, పోడు చేసుకుంటున్న గుట్ట వాలుల్లో జామాయిల్ తోటలు పెట్టించడం. ఊరివాళ్ళు ఒప్పుకున్నట్టు కాగితం మీద వేలిముద్రలు కావాలి. ఆ వారంలో ఆమె ఊరు నాలుగోది.

ఇప్పచెట్టు కింద జనం కూర్చున్నారు. ఆఫీసరు తెలుగులో చెబుతుంటే నేను కోయలో చెబుతున్నాను. చెట్లు పెరుగుతాయి, కోసినప్పుడు ఊరికి వాటా వస్తుంది, అప్పటిదాకా వాలు దున్నకూడదు. ఊరి పెద్ద అప్పటికి నలభై అయిదేళ్ళ మనిషి. అంతా విని ఒక్కటే అడిగాడు. చెట్లు కొట్టేశాక భూమి మళ్ళీ మాదేనా?

నేను ఆఫీసరుకు చెప్పాను. ఆయన ఆకాశం వైపు చూశాడు. మబ్బు దట్టంగా కమ్ముతోంది. మధ్యలో వాగు దాటాలి.

"భూమి వాళ్ళదెప్పుడు? అది ప్రభుత్వానిది. ఇప్పుడా చర్చంతా మొదలుపెడితే వాగు అవతలే ఉండిపోతాం. ఏదో ఒకటి చెప్పి కానివ్వండి" అన్నాడు.

నేను ఊరి పెద్ద దగ్గరికి జరిగి, ఆయనకు వినిపించేంత గొంతుతోనే కోయలో చెప్పాను. అవునంట, చెట్లు కొట్టినాక భూమి మీదే.

ఆయన నా మొహంలోకి చూసి రెండోసారి అడిగాడు. నేను రెండోసారీ అదే చెప్పాను. ఆయన ఆ మాట జనానికి చెప్పాడు.

తర్వాత ఒక్కొక్కరి వేలూ నేనే పట్టుకుని సిరాలో అద్ది కాగితం మీద ఆనించాను. వాన మొదలయ్యేలోపే వాగు దాటేశాం. "మీరు లేకపోతే ఈ పని అయ్యేది కాదు" అన్నాడు ఆఫీసరు జీపులో. ఆ మాట ఇంటికెళ్ళి మా అమ్మకు చెప్పుకున్నాను.

ఆ ఉద్యోగం పర్మినెంటు కాలేదు. ఆఫీసరుకు బదిలీ అయింది. నేను ఎం.ఏ. చేసి ఈ పనిలోకి వచ్చాను. కొన్నేళ్ళకు ఒక సెలవు రోజు ఇంటికి వెళితే మా నాన్న అన్నాడు, "ఆ గుట్ట మీద ఊరున్నది జూడు, ఆడ జామాయిల్ కొట్టినంక మా భూమే గదా అని దున్నవోయిన్రంట. కేసులైనయ్. నలుగురిని తీస్కపోయిన్రంట." నేను అన్నం తింటున్నాను. వినిపించుకోనట్టు పెరుగు వేసుకుని తినడం పూర్తి చేశాను. ఆ రోజు గురించి నేనెవరికీ చెప్పలేదు. మా నాన్న పోయేదాకా ఆయనకూ తెలియదు.

ఆమె ప్రశ్న అడిగిన తర్వాతి వారాల్లో నాకు మొదట కలిగింది పశ్చాత్తాపం అని రాస్తే అబద్ధమవుతుంది. నాకు ముందుగా కలిగింది భయం. ఆమె నన్ను గుర్తుపట్టి అడిగిందేమోనని. రెండు మూడు ఆదివారాలు గమనించి, లేదు, పాఠం విని అడిగిందంతే అని తేలాక హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ హాయి తలుచుకుంటే ఇప్పటికీ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఆ హాయిలో ఇంకో పని కూడా చేశాను. అందరూ అసైన్‌మెంట్లు ఇచ్చారు. ఆమె తొలి గవర్నరు ఒప్పందాల గురించి రాసింది. చక్కటి చేతిరాత. సభలో గవర్నరు ఏమన్నాడో ఆయన గుమస్తాలు రాసుకున్నారు కాబట్టి మనకు తెలిసింది, పెద్దలకు ఏం వినిపించిందో ఎవరూ రాసుకోలేదు, కాబట్టి వాళ్ళు ఒప్పుకున్నారని మనం రాయడానికి లేదు అని ముగించింది. క్లాసు మొత్తంలో అలాంటి జవాబు ఇంకొకటి లేదు. నేను దానికి పదికి నాలుగు వేసి, 'సిలబస్ పరిధి దాటింది' అని ఎర్ర సిరాతో రాశాను.

మరుసటి ఆదివారం క్లాసు అయ్యాక ఆ కాగితం పట్టుకుని వచ్చింది. గొడవకు కాదు. నిజంగానే తెలుసుకుందామని.

"సార్, ఏం తప్పు రాసిన్నో చెప్తే మళ్ళ సరిగ్గ రాస్త."

ఆ కాగితం చేతిలోకి తీసుకున్నాను. నేను రాసిన ఎర్ర అక్షరాలు నావి కానట్టు చూశాను. "తప్పేం లేదమ్మా" అన్నాను. ఆమె ఇంకా నిలబడే ఉంది. నాకు కూర్చోవాలనిపించింది. కూర్చున్నాను.

"మీ ఊరికి నేనొకసారి వచ్చిన" అన్నాను. ఆమెతో మాట్లాడేటప్పుడు నా లెక్చరర్ భాష పోయి ఇంటి భాష వచ్చింది.

"ఎప్పుడు సార్?"

"జామాయిల్ కాగితానికి జీపు వచ్చిన నాడు. ఆఫీసరు మాట కోయల చెప్పింది నేనే."

ఆమె కాగితాన్ని నా చేతిలోంచి మెల్లగా తీసుకుని మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"అప్పుడు నేను మూడో తరగతి సార్. జీపు జూడ ఉరికినం పిల్లలమంత. అడిగిన పెద్దాయన మా పెదనాయిన" అంది. బ్యాగు జిప్పు లాగుతూ, "ఆయన మీరు చెప్పింది తప్పు ఇన్ననేమో అనుకుంటడు సార్ ఇప్పటికి. ఊరంత ఆయన్నే అన్నరు" అంది.

ఆ సంగతి నాకు తెలియదు. నా అబద్ధం భూమితో ఆగిందనుకున్నాను. ఒక మనిషి ఇరవై ఏళ్ళుగా తన చెవులను తానే అనుమానించుకుంటున్నాడని ఎన్నడూ అనుకోలేదు.

"నేను అబద్ధం చెప్పినమ్మా" అన్నాను.

"నాకు చెప్తే ఏం లాభం సార్? ఊర్ల చెప్పుండ్రి."

వెంటనే వెళ్ళానా అంటే లేదు. పరీక్షలన్నాను, ఇంట్లో పనులన్నాను. రెండు నెలలు గడిచాయి. ఆమె మళ్ళీ అడగలేదు. క్లాసుకు వచ్చేది, రాసుకునేది, వెళ్ళేది. అడగకపోవడమే తట్టుకోలేక ఒక శనివారం చర్ల బస్సెక్కాను. చర్ల నుంచి ఆటో, ఆ తర్వాత నడక. దారిలో పోలీసు క్యాంపు దగ్గర ఆపి ఏం పని మీద వెళ్తున్నారని అడిగారు. "మా స్టూడెంట్ ఇల్లు" అన్నాను. అదీ నిజమే. కానీ అడిగినదానికి సగం జవాబిచ్చే అలవాటు నాలో ఎంత పాతుకుపోయిందో అప్పుడు తెలిసింది.

గుట్ట వాలంతా జామాయిల్. రెండుసార్లు కొట్టిన మొదళ్ళ నుంచి మళ్ళీ పిలకలు లేచి నిలువుగా పెరిగాయి. కింద గడ్డి కూడా లేదు.

పెద్దాయన ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. బాగా ముసలివాడయ్యాడు. ఆమె ముందే చెప్పినట్టుంది, పదిహేను మంది దాకా వచ్చి చుట్టూ కూర్చున్నారు. నేను నిలబడి కోయలో మొదలుపెట్టాను. రెండు వాక్యాలు దాటలేదు. అబద్ధం అన్నదానికి కోయలో ఏమంటారో నాకు తెలియదు. సిగ్గు అన్నదానికీ తెలియదు. దుకాణంలో ఆ మాటలతో నాకు పని పడలేదు. ఆగిపోయి తెలుగులోకి దిగాను. కుర్రవాళ్ళకు తెలుగు తెలుసు. కానీ పెద్దాయన చేయెత్తి ఆమెకు ఏదో చెప్పాడు.

"మా భాషల్నే చెప్పాలంటుండు సార్. మీరు తెలుగుల చెప్పుండ్రి, నేను చెప్త" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఉన్నదున్నట్టు చెప్పాల్నా?" అని అడిగింది.

"చెప్పు" అన్నాను.

దారి పొడుగునా కూర్చుకున్న మాటలు చెప్పాను. అప్పుడు నాది చిన్న వయసు, టెంపరరీ ఉద్యోగం, వాన వచ్చేలా ఉంది, పైనుంచి ఒత్తిడి ఉంది, ఏదో ఒకటి చెప్పమని ఆఫీసరు అన్నాడు. ఆమె ఒక్కో వాక్యం కోయలో చెబుతూ వచ్చి, అక్కడ ఆగి నా వైపు తిరిగింది.

"సార్, ఆఫీసరు అబద్ధం చెప్పమన్నడా?"

"ఏదో ఒకటి చెప్పమన్నడు."

"భూమి మీదే అని చెప్పమన్నడా?"

"లేదు."

"ఆ మాట మీరే పెట్టిన్రా?"

అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. "అవ్. నేనే పెట్టిన" అన్నాను.

ఆమె అది చెప్పింది. చాలా చిన్న వాక్యం. దానికి ముందు నేను చెప్పినదంతా ఎవరికీ గుర్తుండదని నాకు అర్థమైంది.

పెద్దాయన మంచం పట్టె మీద చేయి ఆనించి ఆమెతో ఏదో అన్నాడు. ఆయన అన్నది ఆమె తెలుగులో చెప్పింది. "నేను రెండుసార్లు అడిగిన అంటుండు సార్."

"అవ్. రెండుసార్లు అడిగిన్రు."

వెనక కూర్చున్న ముసలమ్మలు తమలో తాము ఏదో అనుకున్నారు. పెద్దాయన ఈసారి నేరుగా నాతో, వచ్చీరాని తెలుగులో మాట్లాడాడు. "ఆఫీసర్ను జూసి కాదు ఏలుముద్ర ఏసింది. నువ్వు దుకాణం పిల్లగానివి. ఉప్పు సక్కగ కొలిచేటోనివి. అందుకే."

కూర్చోమని ఎవరూ అనలేదు. పొమ్మనీ అనలేదు. ఒకామె చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగాను. పెద్దాయన మళ్ళీ కోయలోకి వెళ్ళి నెమ్మదిగా చాలాసేపు చెప్పాడు. ఆమె నాకు క్లుప్తంగా అందించింది. పోడు పట్టాల కోసం ఊరివాళ్ళు దరఖాస్తు పెట్టుకున్నారు. మీరే ఒప్పుకుని ఇచ్చారు కదా అని ఆఫీసువాళ్ళు ఆ పాత కాగితం చూపించి వాటిని పక్కన పెడుతున్నారు.

"ఈ మాటే కాగితం మీద రాసియ్యమంటుండు సార్. అప్పుడు మా ఏలు పట్టి ముద్ర తీస్కపోయిండు, ఇప్పుడు ఆయన సంతకం ఇయ్యమను అంటుండు."

ఇస్తానని చెప్పి వచ్చాను. ఇల్లందు చేరేసరికి భయాలు మొదలయ్యాయి. కాలేజీలో తెలిస్తే ఏమంటారు, పాత ఆఫీసువాళ్ళు నా మీదే ఏదైనా పెడితే ఎలా. మూడు వారాలు తీసుకుని ఒక పేజీ రాశాను. 'నాటి సభలో అనువాదంలో కొంత లోపం జరిగినట్లు, తత్ఫలితంగా గ్రామస్తులలో అపోహ ఏర్పడినట్లు ఇందుమూలంగా తెలియజేయడమైనది.' ఆదివారం ఆమెకు ఇచ్చాను. నిలబడే చదివింది.

"దీన్ల మనిషి లేడు సార్" అంది.

"అంటే?"

"లోపం జరిగింది అని ఉన్నది. ఎవరు చేసిన్రో లేదు. అపోహ ఏర్పడింది అంటే మళ్ళ మా పెదనాయిన తప్పు ఇన్నట్టే అయితది గదా."

గవర్నర్ల ఒప్పందాల్లో వాక్యాలు ఎంత తెలివిగా రాస్తారో వాళ్ళకు గంట సేపు చెప్పినవాణ్ణి నేను. ఆ పేజీ చింపి, అదే బెంచీ మీద కూర్చుని మళ్ళీ రాశాను. చెట్లు కొట్టాక భూమి మళ్ళీ మాదేనా అని ఊరి పెద్ద రెండుసార్లు అడిగాడు. ఆఫీసరు భూమి ప్రభుత్వానిదన్నాడు. నేను కోయలో భూమి మీదే అని అబద్ధం చెప్పాను. ఆయన సరిగ్గానే విన్నాడు. నాలుగు వాక్యాలు, కింద సంతకం. ఆమె చదివి, తల ఊపి, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది.

ఆ దరఖాస్తుల మీద భద్రాచలంలో జరిగిన విచారణకు నన్ను కూడా పిలిచారు. ఊరివాళ్ళు పదిమంది పొద్దున్నే వచ్చి వరండాలో కూర్చున్నారు. లోపల కుర్చీలో ఉన్నది చిన్న వయసు ఆఫీసరు, మర్యాదస్తుడు. నా కాగితం రెండుసార్లు చదివి, "ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదండీ?" అని అడిగాడు.

"ఎవరూ అడగలేదు సార్" అనేశాను.

పక్కనే ఉన్న ఆమె నా వైపు చూసింది. నేను మాట దిద్దుకున్నాను. "కాదు సార్. చెప్పాలంటే సిగ్గయింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు కదా అనుకున్నాను."

ఆయన అది రాసుకున్నాడు. నా కాగితాన్ని ఫైల్లో కలిపి, పైకి పంపిస్తానన్నాడు.

బయటికి వచ్చాక పెద్దాయన గేటు పక్కన గోడనానుకుని నిలబడ్డాడు. ఊరివాళ్ళంతా ఆయన చుట్టూ చేరారు. నా కాగితంలోని చివరి వాక్యం ఆమె వాళ్ళకు కోయలో మళ్ళీ చెప్పింది. ఆయన్ను ఇన్నేళ్ళు తప్పు పట్టినవాళ్ళలో ఒకాయన, తెల్ల మీసాలాయన, తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. నేను రెండడుగులు దగ్గరికి వేశాను. ఆమె ఎదురు వచ్చింది.

"మీరు బస్సుకు పోండ్రి సార్. మేం మాట్లాడుకోవాలె."

బస్టాండుకు నడిచాను. కొత్తగూడెం బస్సు గంటకు గాని రాలేదు.

ఫైలు ఇప్పటికీ తేలలేదు. ఆ ఆఫీసరు వెళ్ళిపోయి ఇంకొకాయన వచ్చాడు. అదనపు ఆధారాలు కావాలని మళ్ళీ తారీకు పడింది. ఆ తర్వాత ఇంకోటి. తారీకు పడ్డప్పుడల్లా ఆమె ఫోన్ చేసి, "రావాలె సార్" అని మాత్రం అంటుంది. కాలేజీకి సెలవు పెట్టి వెళుతున్నాను. కాలేజీలో ఇప్పుడందరికీ తెలుసు. ఎవరూ ఏమీ అనలేదు. స్టాఫ్‌రూంలో కొందరు మాత్రం నేను రాగానే మాట మారుస్తారు.

ప్రతిసారీ కొత్త ఆఫీసరు ముందు నా కాగితం నేనే పైకి చదవాలి. ఊరివాళ్ళు వరుసగా నిలబడి వింటారు. నాలుగు వాక్యాలే. నాలుగైదు సార్లు చదివితే అలవాటవుతుందనుకున్నాను. అలవాటు కాలేదు.